ఎనిమిదో కుర్చీ

2025 నవంబరు 8, శనివారం రాత్రి మా ఇంట్లో భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. ఏథెన్స్‌లో జకోవిచ్, ఇటలీ ఆటగాడు ముసెట్టి టెన్నిస్ ఫైనల్ ఆడుతున్నారు. మా అమ్మాయికి పదమూడేళ్లు. తెర మీద ఆట నడుస్తుంటే తను మాత్రం ఒళ్లో పెట్టుకున్న లెక్కల పుస్తకంలోకి పదేపదే తొంగి చూస్తోంది. ఆ పేజీలో ఉన్నవి రెండే వరసలు, ఇద్దరు ఆటగాళ్లు ఆ ఏడాది కూడబెట్టిన పాయింట్లు. పై వరసలో ఫెలిక్స్ ఓజే అలియాసిమ్, 3,845. కింద ముసెట్టి: గెలిస్తే 3,925, ఓడితే 3,840. ఫెలిక్స్ ఆ రాత్రి అసలు కోర్టులోనే లేడు. అతని ఏడాదంతా ఇద్దరు ఇతరుల రాకెట్ల మీద ఆధారపడి ఉంది.

మొదటి సెట్ 6-4తో ముసెట్టి గెలిచాడు. మా అమ్మాయి పెన్ను మూత తీసింది. రెండోది 6-3తో జకోవిచ్‌కి వెళ్లింది. మూడో సెట్ చివరిదాకా లాగి లాగి 7-5తో ఆయనకే దక్కింది. దాదాపు మూడు గంటల ఆట. జకోవిచ్‌కి అది 101వ టైటిల్, కానీ మా ఇంట్లో ఆ అంకె ఎవరికీ పట్టలేదు. "అయిదు, అమ్మా. అయిదంటే అయిదు పాయింట్లు" అంటూ మా అమ్మాయి 3,840 చుట్టూ గీత గీసింది.

ఏడాదిలో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న ఎనిమిది మంది పురుషులు ఇటలీలోని ట్యూరిన్‌లో ఆడే ఆఖరి టోర్నీ, ఏటీపీ ఫైనల్స్‌లో ఫెలిక్స్‌కి ఎనిమిదో చోటు ఖాయమైంది. ముసెట్టి తొమ్మిదో వాడయ్యాడు. ఇది జరిగిన కాసేపటికే, భుజం గాయం వల్ల ట్యూరిన్‌కు రావడం లేదని జకోవిచ్ ప్రకటించాడు. ఖాళీ అయిన చోటు ముసెట్టికి వచ్చింది. తనను ఓడించిన వాడు తప్పుకుంటే తప్ప లోపలికి అడుగు పెట్టలేని స్థితి. ఆ రాత్రి అతను సంతోషపడ్డాడో, చిన్నబుచ్చుకున్నాడో అని మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

సోమవారం ఆఫీసులో ఈ సంగతి చెబుతుంటే ఒక పెద్దాయన, "ఎనిమిదో వాడు ఎవరైతే ఏముందమ్మా, చివరికి ఆడేది అల్కరాజ్, సినర్ కదా" అన్నారు. ఆయన అన్నట్టే జరిగింది. నవంబరు 16న వాళ్లిద్దరే ఫైనల్ ఆడారు, సినర్ 7-6, 7-5తో గెలిచాడు. అయినా ఆయన మాటను నేను ఒప్పుకోలేను. ఏడాది ఆఖరి టోర్నీకి సంబంధించి అన్నిటికంటే విలువైన ఆట ఆ టోర్నీ మొదలవక ముందే జరిగిపోతుందని నా నమ్మకం. అది ఎనిమిదో కుర్చీ కోసం జరిగే ఆట. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ అయిదు పాయింట్ల లెక్క విప్పాలి.

టెన్నిస్ ర్యాంకు గడిచిన 52 వారాల లెక్క. ఆఖరి టోర్నీకి ఎవరు వెళ్లాలో తేల్చే పట్టికను రేసు అంటారు. అది అలా కాదు, జనవరిలో అందరికీ సున్నాతో మొదలవుతుంది. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2,000, మాస్టర్స్ టోర్నీ గెలిస్తే 1,000, దాని కింద 500, ఇంకా కింద 250. గ్రాండ్‌స్లామ్‌లో మొదటి రౌండులోనే ఓడిపోయినా 10 పాయింట్లు వస్తాయి. నవంబరు నాటికి పైనున్న ఎనిమిది మందికి సింగిల్స్‌లో చోటు, డబుల్స్‌లో ఎనిమిది జోడీలకు. నలుగురు చొప్పున రెండు గ్రూపులు చేస్తారు. గ్రూపులో ఒక మ్యాచ్ ఓడినా కప్పు మీద ఆశ మిగిలి ఉండే పెద్ద టోర్నీలు టెన్నిస్‌లో అరుదు.

ఈ పద్ధతి 1970లో మొదలైంది. ఆటగాళ్లు పెద్ద పెద్ద కాంట్రాక్టులకు సంతకాలు చేసి మామూలు టోర్నీలను వదిలేసి పోతున్న కాలమది. ఏడాది పొడవునా ఆడిన ప్రతి టోర్నీకీ పాయింట్లు వేసి, చివర్లో ఎక్కువ కూడబెట్టిన కొద్దిమందికి ఒక పోటీ పెడదామని ఆలోచన చేసినవాడు జాక్ క్రామర్. ఆ మొదటి పోటీ టోక్యోలో ఆరుగురితో జరిగింది, స్టాన్ స్మిత్ గెలిచాడు. అంటే కప్పు కంటే ముందు పుట్టింది కూడబెట్టడమనే ఆలోచన. చిన్న ఊళ్లో, చిన్న టోర్నీలో ఆడిన మ్యాచ్ కూడా లెక్కలో ఉంటుందని ఆటగాడికి భరోసా ఇవ్వడానికే ఈ పోటీ పుట్టింది.

ఇక ఆ అయిదు పాయింట్లు. 2025 జనవరిలో, ఇంకా ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదలు కాకముందే, అడిలైడ్‌లో ఫెలిక్స్ ఒక 250 టోర్నీ గెలిచాడు. ఫిబ్రవరిలో మాంపెలియేలో మరొకటి. అక్టోబరులో బ్రసెల్స్‌లో ఇంకొకటి. జనవరి రెండో వారంలో మన దగ్గర జనం సంక్రాంతికి ఊళ్లకు సర్దుకుంటుంటే, ప్రపంచంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ అడిలైడ్ ఫైనల్‌లో అతను కూడబెట్టిన పాయింట్లే నవంబరులో కాపాడాయి. అవి లేకపోతే పారిస్ మాస్టర్స్‌లో ఫైనల్ దాకా వెళ్లినా సరిపోయేది కాదు.

ముసెట్టి లెక్క దీనికి ఎదురు వైపు. సెప్టెంబరులో చెంగ్డూ ఫైనల్‌లో చిలీ ఆటగాడు టాబిలో మీద అతని చేతిలో రెండు మ్యాచ్ పాయింట్లున్నాయి. రెండూ జారిపోయాయి. మూడో సెట్ టై బ్రేకర్‌లో ఓడాడు. అక్కడ గెలిచినవాడికి 250, ఓడినవాడికి 165. తేడా 85. ఆ రెండు బంతుల్లో ఏ ఒక్కటి అటు పడినా ముసెట్టి ఏథెన్స్‌లో ఎవరి దయా అవసరం లేకుండా ట్యూరిన్‌కు చేరేవాడు. చెంగ్డూలో ఆ రోజు ఆ బంతి విలువ ఎవరికీ తెలియదు, అతనికి కూడా తెలిసి ఉండదు. ఏడు వారాల తర్వాత దాని ధర తేలింది. ఈ ఒక్క కారణానికే నాకు రేసు అంటే ఇంత ప్రాణం. ఫైనల్‌లో కొట్టిన బంతి విలువ చూస్తున్న అందరికీ ఆ క్షణంలోనే తెలుస్తుంది. రేసులో కొట్టిన బంతి విలువ తెలియడానికి నెలలు పడుతుంది.

పైసా పైసా కూడబెట్టి బతికిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనలో చాలామందిమి. ఈ లెక్క మనకు అర్థం కానిదేమీ కాదు. మరి మన పత్రికల్లో రేసు గురించి రెండు వాక్యాలకు మించి ఎందుకు రాదో నాకు అంతుపట్టదు.

నాకు ఈ పిచ్చి అంటుకున్నది ఫతేమైదాన్‌లో. 2005 ఫిబ్రవరి 12, శనివారం. కోఠిలో డిగ్రీ చదువుతున్నాను. అన్నయ్య ఎలాగో రెండు టికెట్లు సంపాదించాడు. బస్సు దిగి బషీర్‌బాగ్ నుంచి నడిచి వెళ్లేసరికే ఎల్బీ స్టేడియం చుట్టూ జనం. హైదరాబాద్ ఓపెన్ ఫైనల్. సానియా మీర్జాకు పద్దెనిమిదేళ్లు. అవతల ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకో. మొదటి సెట్ 6-4 మనదే. రెండోది 5-7. గ్యాలరీ అంతా ఒక్కసారిగా నీరుగారిపోయింది. నా పక్కన బురఖాలో ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఆవిడకు తెలుగు రాదు, నాకు ఉర్దూ అంతంతమాత్రం. మూడో సెట్ మొదలవుతుండగా ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. 6-3తో ఆట అయిపోయేదాకా వదల్లేదు. ఇంటికి వచ్చాక చూసుకుంటే గాజు నొక్కుకుపోయిన గుర్తు ఉంది.

మహిళల టెన్నిస్ సంఘమైన డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్‌ను భారత అమ్మాయి గెలవడం అదే మొదటిసారి. మరునాడు పేపర్లన్నీ చరిత్ర అని రాశాయి, నిజమే. కానీ నాకు కుతూహలం కలిగించింది వేరే విషయం. ఆ టోర్నీ డబ్ల్యూటీఏ మెట్లలో కింది మెట్లలో ఒకటి. ఇచ్చే పాయింట్లు తక్కువ. ఆ కాసిన్ని పాయింట్లే సానియాను మొదటి వందలోకి తెచ్చాయి. మొదటి వందలో ఉంటే గ్రాండ్‌స్లామ్‌లలో నేరుగా ఆడవచ్చు, క్వాలిఫైయింగ్ రౌండ్లలో ఒళ్లు హూనం చేసుకోనక్కరలేదు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో ఆమె నాలుగో రౌండు దాకా వెళ్లింది. ఏడాది ముగిసేసరికి 31వ ర్యాంకు. ఫతేమైదాన్‌లో దొరికిన చిన్న చిల్లర ఆ ఏడాదంతటికీ పెట్టుబడి అయింది.

ఆ టోర్నీ 2003లో వచ్చింది, 2005 తర్వాత మన ఊరిని వదిలి బెంగళూరు వెళ్లిపోయింది. మూడేళ్లే. ఈ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. అంతర్జాతీయ విమానాశ్రయాలు, అద్దాల మేడలు కట్టుకున్న నగరానికి ఏడాదికి ఒక్క వారం ఒక చిన్న టెన్నిస్ టోర్నీని నిలుపుకోవడం చేతకాలేదు. ట్యూరిన్‌కి, 2025లో మహిళల ఆఖరి పోటీ జరిగిన రియాద్‌కి దారులు అడిలైడ్, చెంగ్డూ, బ్రసెల్స్ లాంటి ఊళ్ల మీదుగానే పోతాయి. ఒకప్పుడు ఆ దారి మన అబిడ్స్ పక్కనుంచి కూడా పోయింది.

సింగిల్స్‌లో సానియా ఏడాది ఆఖరి పోటీకి చేరలేదు, ఆమె అత్యుత్తమ ర్యాంకు 27. డబుల్స్‌లో మాత్రం చేరింది, గెలిచింది కూడా. 2014లో జింబాబ్వేకు చెందిన కారా బ్లాక్‌తో కలిసి పోర్చుగల్‌లో ఒకటి, టోక్యోలో ఒకటి గెలుచుకుంటూ పాయింట్లు పోగుచేసి సింగపూర్ వెళ్లింది. ఫైనల్‌లో 6-1, 6-0. ఆ జోడీకి అదే ఆఖరి టోర్నీ. మరుసటి ఏడు మార్టినా హింగిస్‌తో కలిసి మళ్లీ అదే కప్పు. 2023 మార్చిలో ఎల్బీ స్టేడియంలోనే వీడ్కోలు మ్యాచ్ ఆడింది. ఆ రోజు మా అమ్మాయిని తీసుకువెళ్లాను, అన్నయ్య కూడా వచ్చాడు.

పెద్దాయన మాటకు వస్తాను. ఎనిమిదో వాడు ఎలాగూ గెలవడన్నది ఆయన వాదన. అది చరిత్రకు నిలవదు.

అదే 2025లో మహిళల వైపు ఏం జరిగిందో చూడండి. అక్టోబరు మధ్యలో ఎలెనా రిబకినా ఆఖరి చోటు కోసం మిర్రా ఆండ్రీవా వెనక ఉంది. చైనాలో నింగ్బో టోర్నీకి వెళ్లి గెలిచింది. అక్కడి నుంచి టోక్యో వెళ్లి క్వార్టర్స్ గెలిచేసరికి ఎనిమిదో చోటు ఖాయమైంది. మరుసటి మ్యాచ్‌కు నడుము సహకరించక తప్పుకుంది. అలా చిట్టచివరన లోపలికి వచ్చిన మనిషి రియాద్‌లో ఆడిన అయిదు మ్యాచ్‌లూ గెలిచింది. ఫైనల్‌లో ప్రపంచ నంబర్ వన్ సబలెంకాను 6-3, 7-6తో ఓడించింది, ఆ టై బ్రేకర్‌లో సబలెంకాకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. 52 లక్షల డాలర్లకు పైగా బహుమతి. ఎనిమిదో కుర్చీలో కూర్చున్న మనిషి ఆమె!

2005లో డేవిడ్ నాల్బాండియన్ అసలు ఎనిమిది మందిలోనే లేడు. గాయాలతో పెద్దవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే, చేపల వేటకు వెళదామనుకుంటున్న వాడిని షాంఘైకి పిలిచారు. ఫైనల్‌లో ఫెదరర్ మీద మొదటి రెండు సెట్లూ టై బ్రేకర్లలో పోగొట్టుకుని, తర్వాతి మూడూ గెలిచాడు. అప్పటికి ఫెదరర్ వరుసగా 35 మ్యాచ్‌లు గెలిచి ఉన్నాడు.

సినర్ కథ ఇంకా చిత్రమైనది. 2021 నవంబరు, పారిస్ మాస్టర్స్. ఇరవై ఏళ్ల సినర్ సొంత దేశంలో జరిగే ట్యూరిన్ పోటీకి ఆఖరి చోటు కోసం హుర్కాజ్‌తో పోటీ పడుతున్నాడు. పారిస్‌లో పద్దెనిమిదేళ్ల అల్కరాజ్ చేతిలో ఓడిపోయాడు. చోటు హుర్కాజ్‌కు వెళ్లింది, సినర్ తొమ్మిదో వాడిగా, అదనపు ఆటగాడిగా ట్యూరిన్‌లో కూర్చున్నాడు. బెరెటినీ గాయపడటంతో మధ్యలో కోర్టులోకి దిగి, ఏ హుర్కాజ్ తన చోటు తీసుకున్నాడో అతన్నే ఓడించాడు. పారిస్‌లో అల్కరాజ్ చేతిలో ఓడిన ఆ స్కోరు 7-6, 7-5. నాలుగేళ్ల తర్వాత ట్యూరిన్ ఫైనల్‌లో అదే అల్కరాజ్‌ను సినర్ ఓడించిన స్కోరు కూడా 7-6, 7-5. ఈ రెండూ పుస్తకంలో పక్కపక్కన చూసి గుర్తుపట్టింది మా అమ్మాయే.

ఒక నియమం గురించి నా అభిప్రాయం మారింది, ఎలా మారిందో చెప్పాలి. పురుషుల పోటీలో మొదటి ఏడుగురు నేరుగా వస్తారు. ఆ ఏడాది గ్రాండ్‌స్లామ్ గెలిచినవాడు ఎనిమిది దాటి ఇరవై లోపు ఉంటే ఎనిమిదో చోటు అతనికి ఇచ్చేస్తారు. నాకు ఈ నియమం మీద ఏళ్ల తరబడి కోపం ఉండేది. 2001లో గొరాన్ ఇవానిసెవిచ్ వింబుల్డన్ గెలిచాడని సిడ్నీకి పిలిచారు. ఏడాది చివర ఎనిమిదో ర్యాంకులో నిలిచిన టామీ హాస్ ఇంట్లో ఉండిపోయాడు. ఇవానిసెవిచ్ వింబుల్డన్ విజయం నా కంట నీళ్లు తెప్పించిన మాట వాస్తవమే. కానీ రెండు వారాల అద్భుతానికి ఏడాది కష్టాన్ని పణంగా పెట్టడం అన్యాయం అనేదాన్ని.

2022 వచ్చాక మాట మార్చుకున్నాను. ఆ ఏడాది రష్యా, బెలారస్ ఆటగాళ్లను వింబుల్డన్ రానివ్వలేదు. దానికి బదులుగా పురుషుల సంఘం ఏటీపీ, మహిళల సంఘం డబ్ల్యూటీఏ రెండూ వింబుల్డన్‌కు పాయింట్లు ఇవ్వబోమని ప్రకటించాయి. పురుషుల్లో గెలిచింది జకోవిచ్, మహిళల్లో రిబకినా. ఏడు మ్యాచ్‌లు వరుసగా గెలిచిన ఇద్దరికీ వచ్చింది సున్నా. జకోవిచ్‌ను నేను ఇంతకాలం తిట్టుకున్న ఆ నియమమే కాపాడింది. ట్యూరిన్‌కు వెళ్లాడు, గెలిచి వచ్చాడు. మహిళల వైపు అప్పటికి అలాంటి నియమం లేదు. వింబుల్డన్ విజేత రిబకినా ఆ ఏడాది ఆఖరి పోటీలో లేదు. 2,000 పాయింట్లు ఎవరో తీసుకున్న నిర్ణయం వల్ల గాలిలో కలిసిపోయాయి, వాటిని వెనక్కి తెచ్చే దారి ఆమెకు ఎవరూ చూపించలేదు.

లెక్క ఎంత నిక్కచ్చిగా ఉన్నా, లెక్క రాసేవాళ్లు తప్పు చేయవచ్చు. అలాంటప్పుడు సరిదిద్దుకోవడానికి ఒక కిటికీ ఉండాలి. ఆ నియమం ఇప్పుడు నాకు అలా కనిపిస్తోంది. 2024 నుంచి మహిళలకూ పెట్టారు, మంచి పని. హాస్‌కు జరిగినదానికి మందు వేరే ఉంది: అలాంటి ఏడాది తొమ్మిది మందిని పిలవడం ఎలాగో ఆలోచించాలి కానీ, కష్టపడ్డవాడిని ఇంట్లో కూర్చోబెట్టకూడదు. నాలుగేసి మంది గ్రూపులో తొమ్మిదో వాడిని ఇరికించడం కష్టమే, నాకు తెలుసు. ఎనిమిదో వాడూ గ్రాండ్‌స్లామ్ విజేతా ముందు ఒక మ్యాచ్ ఆడి తేల్చుకోవచ్చు. ఆ మ్యాచ్ చూడటానికి నేను సెలవు పెడతాను.

ఇక్కడిదాకా రేసు తరఫున మాట్లాడాను. దానికి వ్యతిరేకంగా ఒక్క మాటే ఉంది, అది చాలా బరువైన మాట. రేసు ఒంటిని తినేస్తుంది.

2025 అక్టోబరులో డెన్మార్క్ కుర్రాడు హోల్గర్ రూన్ ట్యూరిన్ ఆశతో స్టాక్‌హోంలో ఆడుతూ, సెమీఫైనల్ మధ్యలో మడమ వెనక స్నాయువు తెగి కుప్పకూలాడు. అతనికి ఇరవై రెండేళ్లు. రిబకినా నడుము, ఫెలిక్స్ మోకాలు, జకోవిచ్ భుజం, అన్నీ ఆ కొద్ది వారాల్లోనే. 2025లో పురుషుల ర్యాంకుకు 19 టోర్నీల లెక్క తీశారు. తప్పనిసరి మాస్టర్స్ ఒకటి వదిలేస్తే ఆ గడిలో సున్నా వేస్తారు. ఒకప్పుడు వారంలో అయిపోయే మాస్టర్స్ టోర్నీలు చాలావరకు ఇప్పుడు పన్నెండు రోజులకు సాగాయి. ఇక ఏథెన్స్ ఫైనల్ నవంబరు 8న అయితే, ట్యూరిన్ నవంబరు 9న మొదలు.

ఒంటి సంగతి నాకు పేపర్లు చదివి తెలియలేదు. మొన్న వేసవిలో మా అమ్మాయి జూనియర్ టోర్నీలు వరుసగా ఆడింది. ఒక ఊరి నుంచి మరో ఊరికి రాత్రి రైలు, పొద్దున్నే మ్యాచ్, నిప్పులు చెరిగే ఎండ. నాలుగో ఊళ్లో ఇంకొక్క రౌండు గెలిస్తే తర్వాతి పెద్ద టోర్నీలో మెయిన్ డ్రాలో నేరుగా చోటు వస్తుంది. కంచె అవతల తల్లిదండ్రులందరి చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో పాయింట్ల పట్టికలు. నా చేతిలో కూడా. రెండో సెట్‌లో కోర్టు మారేటప్పుడు తను నీళ్ల సీసా ఎడమ చేత్తో అందుకోవడం చూశాను. కుడిచేతి వాటం పిల్ల. మూత పళ్లతో తీసింది. సర్వ్ చేసేటప్పుడు బంతిని మామూలు కంటే జానెడు కిందికి వేస్తోంది, చెయ్యి పూర్తిగా పైకి లేవకుండా ఉండటానికి. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. లేచి వెళ్లి ఆపించాల్సింది. పట్టికలో తన పేరు కింద ఇంకా ఎన్ని కావాలో చూస్తూ కూర్చున్నాను. తను ఆ రౌండు గెలిచింది. ఆ తర్వాత ఆరు వారాలు రాకెట్ పట్టుకోలేదు. ఆ పెద్ద టోర్నీ ఆ ఆరు వారాల్లోనే వచ్చి వెళ్లిపోయింది.

"నొప్పి అని ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, "నువ్వు లెక్క వేస్తున్నావు కదమ్మా" అంది.

అప్పటి నుంచి నా అభిప్రాయం గట్టిపడింది. రేసు ఉండాలి, లెక్కలోకి తీసుకునే టోర్నీలు తగ్గాలి. 14 చాలు. ఎక్కడ ఆడాలో ఆటగాడే ఎంచుకోవాలి, వదిలేసిన వారానికి సున్నా వేసి భయపెట్టకూడదు. పారిస్ మాస్టర్స్‌తో ఖాతా మూసేయాలి, ఆ తర్వాత పది రోజులు ఎవరూ రాకెట్ పట్టకూడదు. అలా చేస్తే నేను అంత తపనపడి చూసిన ఏథెన్స్ లాంటి రాత్రి ఇక ఉండదు. తెలిసే చెబుతున్నాను. ఆ రాత్రి మా ఇద్దరికీ ఇచ్చిన ఆనందం చిన్నది కాదు. కానీ పారిస్‌తోనే ఖాతా మూసి ఉంటే ఫెలిక్స్ ఎనిమిదో వాడే, ముసెట్టి తొమ్మిదో వాడే. మూడు గంటల ఆట తర్వాత కూడా వాళ్లు అక్కడే ఉన్నారు.

జూనియర్లకైతే ఇంకా కఠినంగా ఉండాలి. పదమూడేళ్ల పిల్ల నెలలో ఇన్ని టోర్నీలకు మించి ఆడితే పాయింట్లు కలపబోమని నియమం పెట్టాలి. తల్లిదండ్రులు తమంతట తాము ఆగరు. నేను ఆగలేదు.

మంగళవారం అర్ధరాత్రి దాటాక ట్యూరిన్‌లో ముసెట్టి, డి మినోర్ మ్యాచ్ వచ్చింది. మర్నాడు స్కూలుందని తెలిసి కూడా నిద్ర లేపాను. ముందు రోజే ఫ్రిట్జ్ చేతిలో ఓడిన ముసెట్టి కాళ్లు ఈడుస్తున్నాడు. ఇటలీ జనం మాత్రం ప్రతి బంతికీ లేచి నిలబడుతున్నారు. 7-5, 3-6, మూడో సెట్ మళ్లీ 7-5. ఏథెన్స్‌లో ఓడిన అంకెతోనే ఈసారి గెలిచాడు. మా అమ్మాయి పుస్తకం తెరిచి, గీత గీసి పెట్టిన 3,840 కింద 200 వేసి, 4,040 అని రాసి, పెన్ను మూత పెట్టి పడుకుంది.